ఊరికి ఫార్మా మేలా, డేటా సెంటర్ మేలా?

షాద్‌నగర్, జడ్చర్ల దిక్కు భూముల రేట్లు కాస్త కదిలితే చాలు, చుట్టాల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. "మనకాడ ఏదో కంపెనీ పడుతదంట. ఫార్మా అయితే నయమా, డేటా సెంటర్ అయితే నయమా?" చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేటల్లో అమెజాన్, మేకగూడలో మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లతో దిగాక ఇది మరీ ఎక్కువైంది. డేటా సెంటర్ అంటే సర్వర్లనే పెద్ద కంప్యూటర్లు వరసగా పెట్టి రాత్రింబగళ్లు నడిపే భవనం.

ఉద్యోగాల మాటకొస్తే ఫార్మాకు తిరుగులేదు. జడ్చర్ల పక్కన మందుల కంపెనీలున్న పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో షిఫ్టు మారే టైమ్‌కు హైవే మీద నిలబడి చూడండి. వరసగా కంపెనీ బస్సులు, వాటిలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు, ఐటీఐ ఫిట్టర్లు, ప్యాకింగ్ పనికి పోయే ఆడవాళ్లు. డేటా సెంటర్ దగ్గర కట్టినన్నాళ్లే జనం, వాళ్లలోనూ చాలామంది బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. కట్టడం అయిపోయాక ఊరికి మిగిలేవి సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, కొన్ని ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్ పనులు. భూమి పోయిన ఇంటికో ఉద్యోగం అని ఎవరైనా అంటే, ఏ ఉద్యోగమో కాగితం మీద రాయించుకోవాలి.

అయినా నేను డేటా సెంటర్ వైపే మొగ్గుతాను. నీళ్ల వల్ల. నీళ్లు తాగేస్తుందని అందరూ భయపడేది దాని గురించే కదా అంటారేమో, ఒకసారి లెక్క వేద్దాం. లీటరు నీరు ఆవిరి కావడానికి కరెంటు లెక్కలో చెప్తే సుమారు 0.67 యూనిట్ల వేడి కావాలి. ఒక మెగావాట్ సర్వర్లు రోజుకు 24,000 యూనిట్ల కరెంటు కాలుస్తాయి, అదంతా చివరికి వేడే. ఆ వేడినంతా నీళ్లతోనే చల్లార్చినా రోజుకు 35,000 లీటర్లు ఆవిరవుతాయి, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. ఏడాదికి 1.3 కోట్ల లీటర్లు. కూలింగ్ టవర్లలో ఉప్పు పేరుకోకుండా వదిలేసే నీళ్లు కూడా కలిపితే ఒకటిన్నర నుంచి రెండు కోట్లు. మన దగ్గర వరికి ఒక పంటకు 1,200 మిల్లీమీటర్లు పడుతుందనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. అంటే ఒక మెగావాట్ మూడు నాలుగు ఎకరాల వరితో సమానం. 50 మెగావాట్లు వస్తే రెండు వందల ఎకరాల దాకా. పైగా వరి మడిలో పెట్టిన నీళ్లు కొన్ని మళ్లీ భూమిలోకి ఇంకుతాయి, ఇవి ఇంకవు. తేలిగ్గా తీసేయాల్సిన లెక్క కాదు గానీ, ఊరు ఎడారైపోతుందనడం కూడా అతే. గాలితో చల్లార్చే రకమైతే నీళ్లు బాగా తగ్గుతాయి, కరెంటు పెరుగుతుంది.

బల్క్ డ్రగ్ యూనిట్, అంటే మందుల ముడి రసాయనం తయారు చేసే ఫార్మా కంపెనీతో గొడవ వేరు. అది ఎన్ని నీళ్లు తోడింది అన్నదానికంటే ఎలాంటి నీళ్లు బయటికి వదిలింది అన్నది చూడాలి. సాల్వెంట్లు (రసాయనాలను కరిగించే ద్రవాలు), ఉప్పులు కలిసిన ఆ నీళ్లను శుద్ధి చేయాలంటే బోలెడు ఖర్చు. రాత్రిపూట వానలో కలిపేస్తే పైసా ఖర్చు లేదు. ముదిరెడ్డిపల్లి చెరువులోకి వ్యర్థాలు వస్తున్నాయని రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు, చౌటుప్పల్ దిక్కు ఈ గోడు ఇంకా పాతది. మనది గ్రానైట్ నేల. నీరుండేది రాతి పగుళ్లలో. ఏ పగులు పోయి ఎవరి బోరులో కలుస్తుందో చెప్పడం కష్టం. ఒకసారి రసాయనం దిగిందంటే మళ్లీ మంచి నీళ్లు పడతాయన్న ఆశ పెట్టుకోలేం. నీళ్లు చెడితే ఏమవుతుందో నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ఫ్లోరైడ్‌తో పడ్డ పాట్లలో చూశాం.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక మెగావాట్ అంటే దాదాపు 270 ఐదు హెచ్‌పీ మోటర్లు ఆగకుండా నడిచినట్టు. దానికోసం వేసే హైటెన్షన్ లైన్లు పక్క ఊళ్ల పొలాల మీదుగా పోతాయి, లైన్ కింద మామిడితోట పెట్టనివ్వరు. కరెంటు పోయినప్పుడు వరసగా డీజిల్ జనరేటర్ల మోత, పొగ. ఇక పన్నులంటారా, ఫార్మా అయినా డేటా సెంటర్ అయినా టీజీఐఐసీ (రాష్ట్ర ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) పారిశ్రామిక వాడలో ఉంటే ఆస్తి పన్నులో పంచాయతీకి వచ్చేది 35 శాతం వాటానే.

సోలార్‌కు లీజు ఇవ్వడం కూడా ఉంది. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు పడుతుంది, పట్టా మన పేరు మీదే ఉంటుంది, ఉద్యోగాలు ఉండవు. వెంచర్ వేసి ప్లాట్లు అమ్ముకోవడం గురించి నేను చెప్పేదేమీ లేదు.

డేటా సెంటర్ విషయంలో ఒక మెలిక ఉంది. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు, ఇది ఆ లెక్కలోకే వస్తుంది. టెంట్ వేసి, మైక్ పెట్టి, కలెక్టర్ ముందు అడిగే రోజు రాదు. కాబట్టి భూసేకరణ నోటీసు వచ్చినప్పుడే గ్రామసభలో అడిగేయాలి: నీళ్లు ఎక్కడివి? హైదరాబాద్ మురుగునీటిని శుద్ధి చేసి పైపులో తెస్తామంటే సరే, తీర్మానంలో రాయించండి. ఇక్కడే బోర్లు వేసుకుంటామంటే మాత్రం పైన నేను చెప్పిన మొగ్గు చెల్లదు. వాళ్లు వేసే లోతు బోర్ల పక్కన మన మూడు వందల అడుగుల బోరు ఒక్క ఎండాకాలం కూడా నిలవదు.