వత్తిలా నీళ్లు పీల్చే వైరు: హార్నెస్ పనిలో కొత్త డీఎఫ్‌ఎంఈఏ, ఏళ్ల తరబడి వాడాక

అమెరికా వాహన పరిశ్రమ సంఘం ఏఐఏజీ, జర్మనీ సంఘం వీడీఏ కలిసి 2019 జూన్‌లో తెచ్చిన ఏడు మెట్ల డీఎఫ్‌ఎంఈఏ (డిజైన్‌లో ఏది ఎలా చెడవచ్చో ముందే రాసి అంచనా వేసే పద్ధతి) గురించి ఎవరిని అడిగినా ఐదో మెట్టు గురించే చెబుతారు. ఆర్‌పీఎన్ (ఎస్, ఓ, డీ అంకెల గుణకారం) పోయింది, యాక్షన్ ప్రయారిటీ (ఆ అంకెలను బట్టి చర్యకు హెచ్, ఎమ్, ఎల్ అని ప్రాధాన్యం చెప్పే పట్టిక) వచ్చింది అని. నాకు మాత్రం ప్రాణమంతా మూడో మెట్టు మీదే: ఫంక్షన్ అనాలిసిస్, అంటే ఏ భాగం ఏ పని చేయాలో రాయడం. కారు హార్నెస్ (వైర్ల కట్ట), కనెక్టర్, టెర్మినల్ (వైరు కొసకు బిగించే లోహపు ముక్క) పనిలో వాడగా వాడగా కలిగిన ఇష్టమిది. దానికో పెద్ద మినహాయింపు కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను. ఎస్ అంటే లోపం తీవ్రత, ఓ అంటే అది జరిగే అవకాశం, డీ అంటే దాన్ని ముందే పట్టుకోవడం ఎంత కష్టమో; మూడింటికీ 1 నుంచి 10 దాకా అంకెలు వేస్తారు.

ముందు ఐదో మెట్టుకు దక్కాల్సిన మెప్పు దక్కనిద్దాం. బ్యాటరీ నుంచి స్టార్టర్ మోటారుకు వెళ్లే లావు కేబుల్‌కు చాలా కార్లలో మధ్యలో ఫ్యూజు ఉండదు. అది బ్రాకెట్ అంచుకు ఒరుసుకుని షార్టయితే మంటే. ఎస్ 10, ఓ 4, డీ 2 అనుకుంటే పాత లెక్కలో 80. డ్యాష్‌బోర్డు కింద క్లిప్పు వదులై ట్యూబు గలగలమనడం ఇంకోటి: ఎస్ 4, ఓ 5, డీ 6, గుణిస్తే 120. వంద దాటినవాటికే చర్య అని గీత గీసుకున్న చోట గలగలకు మీటింగులు పెట్టి, మంటను పక్కన పెట్టేవాళ్లు. కొత్త పట్టికలో మొదటిది హెచ్ (ఎక్కువ ప్రాధాన్యం), రెండోది ఎల్ (తక్కువ). ఈ ఒక్క మార్పుకే కొత్త పద్ధతికి మారడం దండగ కాదు.

అయితే పట్టికలోకి ఎక్కిన వరసకే అది తీర్పు చెప్పగలదు. ఎక్కనే ఎక్కని వరసకు హెచ్ ఏమిటి, ఎల్ ఏమిటి? ఆ వరసను పుట్టించేది మూడో మెట్టు.

కనెక్టర్ ఫంక్షన్ గడిలో పదిమందిలో తొమ్మిదిమంది రాసేది 'కరెంటు మోయడం'. అలా రాస్తే ఫెయిల్యూర్ మోడ్ (ఎలా చెడుతుంది) గడిలో 'కరెంటు మోయకపోవడం' అని తప్ప ఇంకేమీ రాదు. అదే గడిలో 'ఒక్కో టెర్మినల్ జత 20 ఆంపియర్లను, 105 డిగ్రీల పరిసర వేడిలో, బండి జీవితకాలమంతా, అతుకు నిరోధం 10 మిల్లీఓమ్‌లు మించకుండా మోయాలి' అని రాయండి. వెంటనే నాలుగు మోడ్‌లు వాటంతటవే బయటపడతాయి: పూర్తిగా తెగిపోవడం, నిరోధం మెల్లగా పెరగడం, వచ్చీపోయీ తెగడం, పక్క పిన్నుకు కరెంటు కారడం. వీటిలో అసలు ప్రమాదం రెండోది. 20 ఆంపియర్ల దగ్గర 5 మిల్లీఓమ్‌ల అతుకు 2 వాట్ల వేడి పుట్టిస్తుంది. అదే అతుకు 50 మిల్లీఓమ్‌లకు చేరితే 20 వాట్లు, అదీ వేలిగోరంత చోట. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, టెర్మినల్ స్ప్రింగు పట్టు సడలుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఇంత జరుగుతున్నా ఫ్యూజు పోదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. 'ఫ్యూజు ఉందిగా' అని డిటెక్షన్ గడిలో రాసినవాళ్ల షీట్లు ఎన్నో చూశాను. ఫ్యూజు కాచేది వైరును, అతుకును కాదు.

ఫంక్షన్ గొలుసును భాగం నుంచి మొత్తం కారుదాకా గీయకపోతే ఎంత నష్టమో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం లోకానికి చూపించింది. కోబాల్ట్, ఐయాన్ వంటి కార్లలో స్విచ్‌ను 'రన్' స్థానంలో నిలిపే స్ప్రింగు ప్లంజర్ బిగువు డ్రాయింగులో రాసినదానికన్నా తక్కువ. తాళంచెవుల గుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం 'యాక్సెసరీ'కి జారేది. ఇంజిన్ ఆగడాన్ని చాలాకాలం వినియోగదారుడి సౌకర్యానికి సంబంధించిన ఇబ్బందిగానే లెక్కేశారు. స్విచ్ ఆ స్థానంలో ఉంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవన్న లింకు ఆ లెక్కలో లేదు. 2006లో ప్లంజర్ మార్చారు కానీ పార్ట్ నంబరు మార్చలేదు. రీకాల్ మొదలైంది 2014 ఫిబ్రవరిలో, చివరికి 26 లక్షల కార్లకు చేరింది. 124 మరణాలకు పరిహారం ఇచ్చారు. స్విచ్ ఫంక్షన్ గడిలో 'డ్రైవర్ తిప్పేదాకా ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌కు కరెంటు అందుతూ ఉండాలి' అని ఒక్క ముక్క ఉంటే ఎస్ గడిలో చిన్న అంకె వేయడానికి ఎవరికీ చేయి రాదు.

ఇంతగా మెచ్చుకున్న ఈ మూడో మెట్టే మమ్మల్ని దారుణంగా ముంచిన సందర్భం ఉంది.

ఇంజిన్ గదిలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా. దానికి సీల్డ్ కనెక్టర్: ప్రతి వైరుకూ విడి సీలు, ఖాళీ రంధ్రాలకు ప్లగ్గులు, రెండు సగాల మధ్య చుట్టూ రబ్బరు సీలు. 'లోపలికి నీరు రావడం' అన్న మోడ్ ఎదుట కారణాలు పద్ధతిగానే ఉన్నాయి. సీలు నొక్కుడు చాలకపోవడం, వైరు బయటి వ్యాసం సీలు పరిధిలో లేకపోవడం, దూర్చేటప్పుడు టెర్మినల్ అంచు సీలును కోయడం, వేడికి రబ్బరు గట్టిపడడం. ఎస్ 8, ఓ 2, డీ 3. పట్టిక ఎల్ అంది. కనెక్టర్ నీటి పరీక్షలన్నీ పాసైంది.

వానలు పడ్డాక ఈసీయూలు చచ్చి తిరిగొచ్చాయి. విప్పి చూస్తే సీళ్లు చెక్కుచెదరలేదు, బయటివైపు పొడిగా ఉంది. లోపల పిన్నుల మొదట్లో పచ్చటి చిలుము. కొత్త ఈసీయూ వేస్తే కొన్నాళ్లకు అదే కథ. అప్పుడు వైరు ఇన్సులేషన్‌ను కనెక్టర్ నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో చీల్చి చూశారు. రాగి పోగులు నల్లబడి, తడిగా ఉన్నాయి. అక్కడినుంచి 200 మిల్లీమీటర్లకు ఒకచోట కోసుకుంటూ పోతే, దాదాపు రెండు మీటర్ల అవతల, చక్రం పైభాగాన హార్నెస్ కిందికి వాలే చోట, పీవీసీ టేపు మాత్రమే చుట్టిన స్ప్లైస్ (వైర్లను కలిపిన అతుకు) దొరికింది. నీరు దూరింది అక్కడ.

అంత దూరం నీరు ఎలా నడిచింది? 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 7 పోగులో 19 పోగులో ఉంటాయి. పోగుల మధ్య సన్నని సందులు కొసదాకా పారుతుంటాయి. వత్తి నూనె పీల్చినట్టు అవి నీటిని పీలుస్తాయి. అయితే పీల్పు ఒక్కటే అయితే అంత దూరం అంత నీరు రాదు. తోసింది ఈసీయూ. నడిచిన బండిలో డబ్బా లోపలి గాలి 80 డిగ్రీలకు చేరుతుంది. చక్రం గుంటలోంచి లేచిన నీరో, సర్వీసింగ్‌లో వాటర్ వాషో తగిలి ఒక్కసారిగా 25 డిగ్రీలకు పడితే లోపలి ఒత్తిడి 353 కెల్విన్ నుంచి 298 కెల్విన్‌కు తగ్గిన నిష్పత్తిలో పడిపోతుంది. అంటే సుమారు 16 శాతం, దగ్గర దగ్గర 16 కిలోపాస్కల్‌ల లాగుడు. సీళ్లు అంత బాగుండడమే ఇక్కడ కొంప ముంచింది. గాలి రావడానికి ఇంకే దారీ లేక, ఆ లాగుడంతా వైరు పోగుల సందుల మీదే పడింది. వైరు సీలు పట్టేది ఇన్సులేషన్ బయటి చుట్టును. లోపలి పోగుల కొసలు సీలు దాటాక క్రింపు (టెర్మినల్‌ను వైరుకు నొక్కి బిగించిన చోటు) దగ్గర తెరుచుకునే ఉంటాయి. బండి చల్లబడినప్పుడల్లా ఒక గుక్క నీరు.

ఇది పట్టికకు ఎందుకు చిక్కలేదు? రెండో మెట్టులో గీసిన సరిహద్దు గీత వైరు సీలు దగ్గరే ఆగింది. కనెక్టర్ ఒక కంపెనీది, హార్నెస్ ఇంకో కంపెనీది, ఈసీయూ మూడో కంపెనీది. ముగ్గురి షీట్లలోనూ వైరు ఫంక్షన్ 'కరెంటు మోయడం'. వైరు ఒక గొట్టం కూడా అని ఏ షీటూ అనలేదు. ఇక పరీక్షలో కనెక్టర్ నమూనాకు వైరు జానెడే ఉంటుంది, దాని రెండో కొసను నీళ్లకు పైన కట్టేస్తారు. ఈ దారిని ఆ పరీక్ష తాకనే లేదు కాబట్టి ఆ కారణానికి డీ 3 అన్నది ఉత్త అంకె. నిజాయితీగా వేస్తే ఎస్ 8, ఓ 5, డీ 8. అది హెచ్.

సరిదిద్దడానికి చేసినవి పనికొచ్చే క్రమంలో చెబుతా. స్ప్లైస్‌ను తడి చోటు నుంచి పైకి, వీలైతే క్యాబిన్ లోపలికి జరపడం. జరపలేని చోట లోపల జిగురు పూత ఉన్న హీట్‌ష్రింక్ గొట్టం వేయడం. జిగురు లేని మామూలు గొట్టం పోగుల సందులను మూయదు, అది టేపుకన్నా అందంగా ఉంటుందంతే. బాడీకి బిగించే ఎర్త్ ఐలెట్‌లకూ (వైరు కొసన ఉండే రింగులు) అదే జాగ్రత్త, ఎందుకంటే వాటి క్రింపు వెనక పోగులు నేరుగా వానకు తెరిచి ఉంటాయి. ఈసీయూ డబ్బాకు గాలి పోయి నీరు పోని మెంబ్రేన్ పెట్టడం. డ్రిప్ లూప్ (నీరు కారిపోయేలా వైరును కనెక్టర్‌కన్నా కిందికి వంచడం) గురించి ఒక మాట: వైరు పైన జారే నీటిని అది ఆపుతుంది, వైరు లోపల పారేదానికి అది అడ్డు కాదు. దీన్ని ఈ కారణానికి ప్రివెన్షన్ కంట్రోల్‌గా (నివారణ చర్యగా) రాసిన షీటు కనబడితే కొట్టేయండి.

పరీక్ష కూడా మారింది. ఈసీయూ, కనెక్టర్, స్ప్లైస్‌దాకా పూర్తి పొడవు వైరు కలిపి వేడి చేసి, స్ప్లైస్‌ను రంగునీళ్లలో ముంచి, డబ్బాను చల్లార్చడం. అదే పలుమార్లు చేసి కనెక్టర్ విప్పి రంగు వెతకడం. స్ప్లైస్ ఒక్కదానికైతే వైరు కొస నుంచి 16 కిలోపాస్కల్‌లకు మించి గాలి పంపి, నీళ్లలో బుడగలు చూస్తే చాలు. ఇవి చేశాక ఓ 3, డీ 3, ఎల్. ఈసారి ఎల్‌కు అర్థం ఉంది.

ఇక్కడే నా మెప్పును కాస్త తగ్గించుకోవాలి. హ్యాండ్‌బుక్ చెప్పే ఫెయిల్యూర్ రకాల్లో 'అనుకోని ఫంక్షన్' అని ఒకటుంది. వైరు నీటిని మోయడం అచ్చంగా ఆ కోవలోకే వస్తుంది. అంటే పద్ధతిలో చోటుంది, కానీ ఆ ప్రశ్న అడగమని అది బలవంతపెట్టదు. అప్పటినుంచి ప్రతి భాగం ఎదుటా 'ఇది మనం అడగకుండానే ఇంకేం మోస్తోంది? నీరా, వేడా, వణుకా, శబ్దమా?' అని ఒక గడి సొంతంగా కలుపుకున్నాం. టెర్మినల్ విషయంలో ఆ గడే తగరపు పూత సమస్యను పట్టింది. లావు వైరును కనెక్టర్‌కు దగ్గర్లో క్లిప్పు లేకుండా వదిలేస్తే ఇంజిన్ వణుకు టెర్మినల్‌దాకా వస్తుంది. కొన్ని పదుల మైక్రోమీటర్ల కదలికకే తగరం మీద ఆక్సైడు పొడి పేరుకుని నిరోధం ఎగిరెగిరి పడుతుంది. మెకానిక్ కనెక్టర్ పీకి మళ్లీ పెడితే ఆ రాపిడికి తుడుచుకుపోయి బాగైనట్టు కనబడుతుంది, వారం తర్వాత మళ్లీ మొదలు. మందు: క్లిప్పును దగ్గరికి తేవడం, టెర్మినల్ పట్టు పెంచడం, లూబ్రికెంటు. ఒకవైపు బంగారం, ఇంకోవైపు తగరం పెట్టి ఖర్చు తగ్గిద్దామనుకోకండి, అది ఇంకా చెడుతుంది.

యాక్షన్ ప్రయారిటీ మీద కూడా ఒక ఫిర్యాదు. ఓ 1 వేస్తే ఎస్ 10 అయినా, డీ 10 అయినా పట్టిక ఎల్ అంటుంది. ఓ 2, 3 దగ్గర కూడా డీ 4 లోపు చూపిస్తే ఎల్. దాంతో గడువు దగ్గరపడ్డప్పుడు చేతులు ముందుగా ఓ గడి మీదికి పోతాయి. 'పాత మోడల్లో వాడిందే, నిరూపితమైన డిజైన్' అని రాసి 2 వేస్తారు. పాత మోడల్లో అదే కనెక్టర్ క్యాబిన్‌లో ఉండేది, ఇప్పుడు ఎగ్జాస్ట్ పక్కన ఉంది. ఓ 3 లేదా అంతకన్నా తక్కువ ఎవరేసినా బిగించే చోటు, ఉష్ణ తరగతి, వణుకు తరగతి, వైరు సైజు నాలుగూ పాతదానితో సరిపోలాయో లేదో పక్కన రాయించండి. సగం అంకెలు వాటంతటవే పెరుగుతాయి.

మన రోడ్ల మీద తిరిగే బండ్లకైతే పీ-డయాగ్రామ్ నాయిస్ గడులు (భాగాన్ని చెడగొట్టగల బయటి పరిస్థితులను రాసేవి) విదేశీ టెంప్లేటులోంచి ఎత్తి పెట్టడం శుద్ధ దండగ. రామగుండం, రెంటచింతల ఎండలో బానెట్ మూసి నిలబెట్టిన బండి, విశాఖ ఉప్పుగాలి, ఇంజిన్ గదిలోకి నేరుగా కొట్టే ప్రెషర్ వాష్, ఇన్సులేషన్ కొరికే ఎలుకలు, హారన్ కోసం, ఫాగ్ ల్యాంపుల కోసం మెయిన్ హార్నెస్ వైరును బ్లేడుతో గీకి ఇంకో వైరు మెలిపెట్టే యాక్సెసరీ షాపు. చివరిది చేసే నష్టం ఎక్కువ: ఆ మెలికే రేపు నీరు దూరే కొత్త ద్వారం. దాన్ని 'దుర్వినియోగం' అని కొట్టేయకుండా, యాక్సెసరీలకు ఫ్యూజుతో విడి కనెక్టర్ ఒకటి ఇచ్చేస్తే ఆ వరస మొత్తం చల్లబడుతుంది.

కొనాలా, వద్దా అన్నట్టు అడిగితే నా జవాబు ఇలా ఉంటుంది. నేను వాడింది 12 వోల్టుల హార్నెస్‌కు. ఈవీ హై వోల్టేజి కేబుళ్లకు ఇదే చాలని చెప్పలేను. కనెక్టర్, హార్నెస్, ఈసీయూ మనుషులను ముగ్గురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగే చోట ఉంటే పాత పద్ధతి నుంచి మారండి, సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఎక్సెల్‌లో నడుస్తుంది. కూర్చోబెట్టలేని చిన్న సప్లయర్లయితే ఏడు మెట్లూ నింపే ముందు ఇంటర్‌ఫేస్ మ్యాట్రిక్స్ (ఏ రెండు భాగాలు ఎక్కడ కలుస్తాయో, ఆ చోటు ఎవరి బాధ్యతో చూపే పట్టిక) ఒక్కటి గీసి కస్టమర్‌తో సంతకం పెట్టించుకోండి. వైరు సీలు అవతలి వైపు ఎవరి పేరు ఉందో అందులో తేలాలి. మా షీటులో ఆ గడి ఖాళీగా ఉండేది.