తప్పిపోయిన కుమారుడి కథ: మట్టిబొమ్మలా, త్రీడీయా, నీడబొమ్మలా?

ఆస్తిలో వాటా తీసుకుని వెళ్లి, అంతా పాడుచేసి, పందులు కాసి, చివరికి ఇంటికి తిరిగొచ్చిన కొడుకు గురించి యేసు చెప్పిందే తప్పిపోయిన కుమారుడి కథ. దాన్ని ఐదు నిమిషాల యానిమేషన్ షార్ట్ ఫిల్మ్‌గా తీద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. నేనైతే ముందు బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం, 20వ వచనం తెరవమంటాను. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడు, కనికరపడ్డాడు, పరుగెత్తాడు, మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు. సినిమా ప్రాణమంతా అక్కడే ఉంది. ఒక పరుగు, ఒక కౌగిలింత. ఈ రెండూ ఎందులో బాగా కుదురుతాయన్నదే అసలు ప్రశ్న.

కౌగిలింతకైతే మట్టిబొమ్మలను, అంటే కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫొటో తీసే బొమ్మలను, మించింది లేదు. తండ్రి వేళ్లు కొడుకు వీపు మీద నొక్కుకుంటే ఆ నొక్కు నిజంగానే పడుతుంది, చూసేవాడికి అది ఒంటికి తగిలినట్టే ఉంటుంది. పందుల దొడ్డి, బురద, పొట్టు వైపు ఆశగా చూసే కొడుకు, ఇవన్నీ మట్టిలో ఎంత బాగుంటాయో చెప్పక్కర్లేదు. కానీ పరుగు దగ్గరికొచ్చేసరికి ప్రాణం తీస్తుంది. పరుగులో రెండు కాళ్లూ నేలను వదిలే క్షణం ఒకటి ఉంటుంది కదా, బొమ్మ గాల్లో నిలబడదు, కడ్డీ పెట్టి ఆపాలి, తర్వాత ప్రతి ఫ్రేములోనూ కూర్చుని ఆ కడ్డీని చెరపాలి. సెకనుకు 12 ఫొటోలే అనుకున్నా ఐదు నిమిషాలకు 3,600. మేమొకసారి రోజంతా కూర్చుని 48 తీశాం, అంటే నాలుగు సెకన్లు. మర్నాడు వేసి చూస్తే లైట్ల వేడికి తండ్రి గడ్డం మెత్తబడి మెల్లగా కిందికి జారుతోంది! మళ్లీ మొదటికొచ్చాం.

కంప్యూటర్లో చేసే త్రీడీకి ఆ బాధ లేదు, తప్పు దొర్లితే వెనక్కెళ్లి దిద్దుకోవచ్చు, కెమెరా ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, ఒకసారి చేసిన బొమ్మను యేసు చెప్పిన ఇంకో ఉపమానానికీ, అంటే నీతికథకీ, వాడుకోవచ్చు. దాని చిక్కల్లా బట్టలతోనే. ముసలాయన పొడవాటి అంగీ పైకెత్తి పట్టుకుని పరుగెత్తాలి, ఆ తర్వాత రెండు అంగీలు ఒకదానికొకటి ఒత్తుకోవాలి, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు ఇంతకంటే కష్టమైన షాట్ ఉండదేమో. 1993లో వెజ్జీటేల్స్ అనే బైబిల్ పాఠాల త్రీడీ కార్టూన్ తీసినవాళ్లు కూరగాయలను పాత్రలు చేసుకున్నది ఊరికే కాదు, కాళ్లూ చేతులూ బట్టలూ ఉన్న మనుషులను కదిలించడం అప్పట్లో తలకు మించిన పని. ఇప్పుడు కంప్యూటర్లు మెరుగయ్యాయి, నిజమే, కానీ రెడీమేడ్ బొమ్మలు తెచ్చుకుంటే తండ్రి మొహం ఇంకెక్కడో చూసినట్టే ఉంటుంది.

ఇక నీడబొమ్మలు, అంటే నల్ల కాగితంతో కత్తిరించిన ఆకారాలు, వెనక వెలుతురు. నా ఓటు వీటికే. నీడబొమ్మల సినిమాలకు పేరుపడ్డ జర్మన్ దర్శకురాలు లోటె రైనిగర్ 1974లో ఇదే కథను ఇలాగే తీసింది. మొహం కనిపించదు కాబట్టి భావమంతా ఒంటి వంపులోనే పలకాలి, ఈ కథకు అది సరిగ్గా అతుకుతుంది: దూరాన ఒక చిన్న నల్లచుక్క, ఇటు గుమ్మం దగ్గర నుంచున్న మనిషి ఒక్కసారిగా ముందుకు వంగి కదలడం. కింద నుంచి వెలుతురు పడే గాజు మీద బొమ్మ పడుకునే ఉంటుంది కాబట్టి కాళ్లు నేలను వదిలినా కడ్డీ అక్కర్లేదు. పైగా ఆ తండ్రిలో దేవుణ్ణి చూస్తారు జనం, ఆయన మొహం ఎలా ఉండాలన్న తగవు కూడా తప్పుతుంది. నష్టం లేకపోలేదు, పందుల దొడ్డి మాత్రం చప్పగా వస్తుంది.

రెండు పద్ధతులు కలిపితే? యేసు జీవితం మీద 2000లో వచ్చిన ద మిరకిల్ మేకర్‌లో అసలు కథంతా కదిపి తీసే బొమ్మలతో తీసి, ఉపమానాలను చేత్తో గీసిన బొమ్మలతో చూపించారు, చాలా అందంగా ఉంటుంది. ఐదు నిమిషాల సినిమాకు అంత హంగు ఎందుకు, పని రెట్టింపు కావడం తప్ప.

వెనక నుంచి కథ చెప్పే గొంతు పెట్టాలా అని కూడా అడుగుతుంటారు. వద్దు. కొడుకు దారిలో మూడు ముక్కలు బట్టీ పట్టుకుని వస్తాడు, చివరి ముక్క, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అన్నది, నోటికి రాకముందే తండ్రి అంగీ తెమ్మని కేకేస్తాడు. ఆ మాట తెగిపోవడం వినపడాలి, దాని మీద ఇంకొకరి గొంతు పడకూడదు.

చివరి షాట్ కూడా నీడబొమ్మల్లోనే బాగుంటుంది. లోపల వెలుతురు, పాట, నాట్యం, బయట పొలం నుంచి వచ్చి, తమ్ముడికి విందు ఏమిటని అలిగి ఆగిపోయిన పెద్దకొడుకు నల్లటి ఆకారం, పక్కన బతిమాలుతున్న తండ్రి. వాడు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు, మీరూ వాణ్ణి గుమ్మం దాటించకండి.