ఫ్లోరైడ్ మరకలకు ఏ వినీర్ మేలు: కాంపోజిటా, పోర్సిలినా?

పెళ్ళి ముహూర్తం ఖాయమయ్యాక పళ్ళ సంగతి గుర్తొచ్చేవాళ్ళు చాలామంది. వాళ్ళందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: "వినీర్లు వేయించుకుందామనుకుంటున్నానండీ, కాంపోజిట్ మంచిదా, పోర్సిలిన్ మంచిదా?" వినీర్ అంటే పంటి ముందువైపు వేసే పలుచని పొర. అడిగేవాళ్ళలో నీళ్ళలో ఫ్లోరైడ్‌కు పేరుపడ్డ మునుగోడు, మర్రిగూడ నుంచి, ఇటు కనిగిరి, దర్శి నుంచి వచ్చినవాళ్ళు ఉంటూనే ఉంటారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బును, తొలిసారి 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కాబట్టి ఫ్లోరైడ్ మరకల సంగతే చూద్దాం.

టీ, కిళ్ళీ, గుట్కా మరకలైతే క్లీనింగ్ చేయించుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. ఫ్లోరైడ్ మరక మాత్రం ఎనిమిదేళ్ళలోపు, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లో కలిసిపోతుంది. ఏ పేస్టుకూ లొంగదు. లేత మచ్చలకు బ్లీచింగ్, మైక్రోఅబ్రేషన్ (పైపొరను పలుచగా రుద్ది తీయడం) కొంత పనిచేస్తాయి. ముదురు గోధుమ చారలకు, గుంటలు పడ్డ పళ్ళకు అవి చాలవు. అప్పుడే వినీర్ మాట వస్తుంది.

కాంపోజిట్ అంటే డాక్టరు ఒక్క సిట్టింగులో పంటి మీదే మలిచి, లైటుతో గట్టిపరిచే రెజిన్. పోర్సిలిన్‌కు పంటిని కొంచెం అరగదీసి, కొలత ల్యాబుకు పంపి, తయారై వచ్చిన పలుచని పెంకును అతికిస్తారు. అందంలో, మన్నికలో పోర్సిలిన్‌దే పైచేయి. బాగా చేస్తే పది పదిహేనేళ్ళు మెరుపు తగ్గకుండా ఉంటుంది. కాంపోజిట్ నాలుగైదేళ్ళకే మెరుపు తగ్గి, అంచులు విరగడం మొదలుపెడుతుంది. మన వంటల్లో పసుపు సంగతి చెప్పనే అక్కర్లేదు, కాంపోజిట్ దాన్ని పీల్చుకుంటుంది. ధరలోనూ చాలా తేడా ఉంది, పంటికి పోర్సిలిన్ కొన్ని రెట్లు ఎక్కువ.

ఇంతవరకు చదివితే డబ్బుంటే పోర్సిలినే అనిపిస్తుంది. నేను మాత్రం ముందు చూసేది ఎంత ఎనామిల్ పోతుందన్నదే. ముందు పళ్ళకు చిగురు దగ్గర ఎనామిల్ అర మిల్లీమీటరుకు మించి ఉండదు. పోర్సిలిన్ కోసం సాధారణంగా అరగదీసేది కూడా ఇంచుమించు అంతే. చెయ్యి కొంచెం లోతుగా పడితే ఎనామిల్ కింద ఉన్న డెంటిన్ అనే పొర బయటపడుతుంది. ఎనామిల్‌కు అతుక్కున్నంత గట్టిగా వినీర్ డెంటిన్‌కు అతుక్కోదు. పైగా జివ్వుమనడం మొదలవుతుంది. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి పోర్సిలిన్ వేస్తే, జీవితంలో మరో రెండు మూడుసార్లు మార్చాల్సి వస్తుంది, మార్చిన ప్రతిసారీ పన్ను ఇంకొంచెం తరుగుతుంది. కాంపోజిట్‌కు చాలాసార్లు పైపైన గరుకు చేస్తే చాలు. పెచ్చు ఊడితే ఆ చోట మళ్ళీ పూయించుకోవచ్చు.

అందుకే ముప్పై లోపువాళ్ళకు నా ఓటు కాంపోజిట్‌కే. ఒక చిక్కు మాత్రం ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఎనామిల్‌ను యాసిడ్ అంత తేలిగ్గా గరుకు చేయలేదు, కాబట్టి యాసిడ్‌తో గరుకు చేసే ఆ పని (ఎచింగ్) మామూలు కంటే ఎక్కువసేపు చెయ్యాలి. ఈ సంగతి ఎరిగిన డాక్టరు దగ్గరే చేయించుకోండి. మరక మరీ నల్లగా ఉంటే పలుచటి కాంపోజిట్ దాన్ని కప్పలేదు, లోపలి రంగు తొంగిచూస్తుంది. అలాంటి పళ్ళకు, కాస్త వయసు వచ్చినవాళ్ళకు పోర్సిలిన్ తీసుకోవడంలో తప్పులేదు. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే ఏది వేయించుకున్నా రాత్రిపూట పళ్ళకు తొడిగే నైట్‌గార్డ్ పెట్టుకోవాల్సిందే.

ఇక క్యాపులు. ఆరోగ్యంగా ఉన్న ముందు పళ్ళను కేవలం రంగు కోసం చుట్టూ చెక్కేసి క్యాపులు తొడగడం నాకు అసలు నచ్చదు. సగం విరిగిన పంటికో, రూట్ కెనాల్ చేసిన పంటికో అయితే సరే.

ఏదైనా ఒప్పుకునే ముందు డాక్టరుని రెండు అడగండి. నా పళ్ళను ఎన్ని మిల్లీమీటర్లు అరగదీస్తారు? అరగదీయకముందే పళ్ళ మీద మాకప్ (చివరికి ఎలా ఉంటాయో చూపే తాత్కాలిక నమూనా) వేసి చూపిస్తారా? ముహూర్తానికి వారమే ఉందంటే మాత్రం పోర్సిలిన్ జోలికి వెళ్ళకండి. ల్యాబు పని ఆలస్యమైతే పెళ్ళి ఫోటోల్లో టెంపరరీ వినీర్లతో నవ్వాల్సి వస్తుంది.