35 కొనాలా, 70-200 కొనాలా? క్యాంపస్ పేపర్ ఫోటోగ్రాఫర్‌కి ఏది మేలు

ఏటా ఆగస్టులో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. "అక్కా, యూనివర్సిటీ పేపర్‌లో ఫోటోగ్రాఫర్‌గా తీసుకున్నారు. కెమెరా బాడీ ఉంది. ఒక్క లెన్స్‌కే డబ్బులున్నాయి. 70-200 తీసుకోనా, 35 తీసుకోనా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లిన మనవాళ్లే. నేను కూడా అలాగే వెళ్లి టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీ పేపర్‌కి రెండేళ్లు ఫోటోలు తీశాను. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు ఈసారి అంతా ఒకేచోట చెప్తాను. ఈ అంకెలు లెన్స్ ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో: అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ లైటు తీసుకుంటుంది. 70-200 అంటే ఎఫ్2.8 జూమ్ అనీ, 35 అంటే ఎఫ్1.8 లేదా ఎఫ్2 ప్రైమ్, అంటే జూమ్ లేని లెన్స్ అనీ అనుకుందాం. మీది క్రాప్ బాడీ, అంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరా అయితే 35 బదులు 24 చూసుకోండి, అప్పుడే ఈ లెక్క సరిపోతుంది.

ముందు 70-200 సంగతి. అది మంచి లెన్స్, అందులో అనుమానం లేదు. బాస్కెట్‌బాల్ ఆడే జిమ్‌లో లైటు చాలా తక్కువ. ఆటగాడు గాల్లో ఉన్నప్పుడు ఫోటో చెదరకుండా రావాలంటే షటర్ సెకనులో ఐదువందో వంతుకు మించి తెరిచి ఉండకూడదు. అక్కడ జూమ్ మొత్తం ఎఫ్2.8 ఇచ్చే లెన్స్ లేకపోతే ఐఎస్ఓ, అంటే లైటుకి కెమెరా స్పందించే స్థాయి, ఎంత పెంచినా పని జరగడం కష్టం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోచ్‌లూ ఆటగాళ్లూ సైడ్‌లైన్ మధ్యభాగంలో ఉంటారు కాబట్టి మనం రెండు చివరలకు సర్దుకోవాలి. ఆట అవతలి చివర జరుగుతుంటే 200 కూడా చాలదు. ఇక 35తో వచ్చేది గడ్డి ఫోటోయే. స్నాతకోత్సవంలో స్టేజీ మీది మనిషి ముఖం కావాలన్నా పొడుగు లెన్సే కావాలి. బరువు మోడల్‌ను బట్టి కిలో నుంచి కిలోన్నర దాకా ఉంటుంది, సాయంత్రానికి భుజం లాగేస్తుంది. అయినా మోయక తప్పదు.

అయితే నన్ను అడిగేవాళ్లలో చాలామంది 70-200 వైపు మొగ్గేది ఆటల కోసం కాదు. కాస్త మాట్లాడిస్తే అసలు కారణం బయటికొస్తుంది. తెలియని మనిషి దగ్గరికి వెళ్లి ముఖం ముందు కెమెరా ఎత్తాలంటే టెన్షన్. కొత్త దేశం, మన యాస వాళ్లకు అర్థమవుతుందో లేదో అన్న బెరుకు. దూరం నుంచి తీసేస్తే ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు కదా అనిపిస్తుంది. నాకూ సరిగ్గా అలాగే అనిపించింది. అందుకే మొదటి నెలంతా, అందరూ వాడుకోవడానికి పేపర్ ఆఫీసు లాకర్‌లో ఉంచే 70-200ని వదల్లేదు.

ఆ నెలలో ఒకరోజు వాన పడింది. వార్తతో సంబంధం లేకుండా పేజీలో విడిగా వేసే ఫోటో ఒకటి కావాలని ఫోటో ఎడిటర్ అడిగాడు. వాళ్ల భాషలో దాన్ని వైల్డ్ ఆర్ట్ అంటారు. లైబ్రరీ రెండో అంతస్తు వరండాలో నిలబడి 200కి జూమ్ చేశాను. కింద ఓక్ చెట్టు కింద ఒకమ్మాయి తన గొడుగును తనకి కాకుండా ఒళ్లో ఉన్న పుస్తకాలకు పట్టి, తను తడుస్తూ కూర్చుంది. అంతకుముందు అంత మంచి ఫోటో నేను తీయలేదు. ఎడిటర్ చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత అడిగిన మొదటి మాట: ఆమె పేరేంటి? నా దగ్గర లేదు. కిందికి పరిగెత్తాను, చెట్టు కింద ఎవరూ లేరు. ఆ ఫోటో పేపర్‌లో రాలేదు. ఇప్పటికీ నా హార్డ్‌డిస్క్‌లోనే ఉంది.

నా దృష్టిలో ఈ రెండు లెన్సుల మధ్య తీర్పు ఇక్కడే తేలిపోతుంది. షార్ప్‌నెస్, బ్లర్, ఆటోఫోకస్ వేగం, వీటన్నిటికంటే క్యాప్షన్ ముఖ్యం. విద్యార్థి పేపర్‌లో క్యాప్షన్ అంటే పూర్తి పేరు, ఏ సంవత్సరం, ఏ సబ్జెక్టు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఎప్పుడు. ముఖం స్పష్టంగా కనిపిస్తూ పేరు లేని ఫోటోను మా డెస్క్ చాలావరకు వెనక్కి పంపేసేది. 200 దగ్గర పది మీటర్ల నుంచి వచ్చే ఫ్రేమే 35తో రావాలంటే రెండు మీటర్ల లోపలికి వెళ్లాలి. అంత దగ్గర నిలబడి ఫోటో తీసినవాళ్లు మాట్లాడకుండా వెళ్లిపోలేరు. నవ్వాలి, ఏ పేపరో చెప్పాలి, పేరు అడగాలి. 35 కొన్న రోజు నుంచి పేరు లేదని వెనక్కి వచ్చిన ఫోటో నాకు ఒక్కటి కూడా లేదు.

ఆటల్లో మాత్రం ఈ ఇబ్బంది రాదు. జెర్సీ మీద నంబరు ఉంటుంది, రోస్టర్‌లో, అంటే జట్టు ఆటగాళ్ల జాబితాలో, ఆ నంబరు పక్కన పేరు ఉంటుంది. మ్యాచ్ మొదలయ్యే ముందే రెండు జట్ల రోస్టర్‌నూ ఒక ఫోటో తీసి పెట్టుకుంటే చాలు. అంటే ఎంత దూరం నుంచి తీసినా పేరు దొరికే చోటు ఆట ఒక్కటే. 70-200 నిజంగా చెల్లేది అక్కడే.

పేరు దగ్గర మనవాళ్లకు ఇంకో చిక్కుంది. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉండిపోయి రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లకు, అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. కొన్నిసార్లు అదే యూనివర్సిటీ రికార్డుల్లోకీ ఎక్కేస్తుంది. దూరం నుంచి తీసి, తర్వాత డైరెక్టరీలో పేరు వెతుక్కుంటే ఒక తెలుగు పిల్ల పేరు ఎఫ్ఎన్‌యూ అని అచ్చయ్యే ప్రమాదం ఉంది. ఇంటిపేరు ముందా వెనకా, లక్ష్మికి ఇంగ్లిష్‌లో ఏ అక్షరాలు, ఇవన్నీ ఆ మనిషినే అడగాలి. నేను నోట్‌బుక్ చేతికిచ్చి వాళ్లచేతనే రాయించేదాన్ని. ఆ పేజీని కూడా ఒక ఫోటో తీస్తే అది ఆ మనిషి ఫ్రేముల వెంటే ఉంటుంది, తర్వాత తారుమారు కాదు.

నిరసనల సంగతి కూడా అడుగుతుంటారు. 2019 నవంబరులో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి అమెరికా మాజీ అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ ప్రసంగించడానికి వచ్చినప్పుడు విద్యార్థులు నిరసన తెలిపారు. అక్కడి విద్యార్థి పత్రిక ది డైలీ నార్త్‌వెస్టర్న్ విలేకరి సోషల్ మీడియాలో పెట్టిన నిరసనకారుల ఫోటోల మీద అభ్యంతరాలు వచ్చాయి. వాటిని తీసేసి, పత్రిక సంపాదకీయంలో క్షమాపణ చెప్పింది. ఆ క్షమాపణే తప్పని దేశమంతటా చాలామంది జర్నలిస్టులు విమర్శించారు. బహిరంగంగా జరిగినదాన్ని తీసిన ఫోటోకి క్షమాపణ అక్కర్లేదనే నేనూ అనుకుంటాను. కానీ తీసేవాళ్లు ఎదురుగా కనిపిస్తూ తీయాలి. 35తో గుంపు మధ్యలో ఉంటే మన మెడలోని ప్రెస్ కార్డు అందరికీ కనిపిస్తుంది. ఇష్టం లేనివాళ్లు ముఖం తిప్పుకుంటారు, గట్టిగా వాదిస్తారు కూడా, వాదించనివ్వండి. మేడ మీది నుంచి 200తో తీస్తే వాళ్లకా అవకాశమే ఉండదు.

ప్రతిసారీ పేరు అడగడం కుదరదు, ఒప్పుకుంటాను. 1970 మే 4న ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. అక్కడే చదువుతున్న జాన్ ఫైలో తీసిన ఫోటోకి 1971లో జర్నలిజానికిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ నలుగురిలో ఒకరైన జెఫ్రీ మిల్లర్ మృతదేహం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచి ఏడుస్తున్న అమ్మాయి ఎవరో ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. పేరు మేరీ ఆన్ వెకియో అనీ, 14 ఏళ్ల పిల్ల అనీ, అసలు అక్కడి విద్యార్థినే కాదనీ తర్వాత తెలిసింది. అలాంటి చోట ఏ లెన్స్ ఉంటే దానితోనే ముందు తీయాలి. మనకొచ్చే అసైన్‌మెంట్లు మాత్రం సైన్స్ ఫెయిర్, ఫీజుల మీద సమావేశం, దీపావళి డాన్సు. అక్కడ పేరు అడిగే తీరిక బోలెడంత ఉంటుంది.

మిగతావి: 24-70 ఎఫ్2.8 అన్నిటికీ పనికొస్తుంది, ధర చూస్తే విద్యార్థి కొనేది కాదు. 50 ఎఫ్1.8 చవక, తేలిక, కానీ క్లాస్‌రూమ్‌లో వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుంది. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్ పగలు చాలు. ఫోన్ ఎలాగూ జేబులో ఉంటుంది.

డబ్బు గురించి ఒక ముఖ్యమైన మాట. "70-200 కొంటే వారాంతాల్లో హాఫ్ శారీ ఫంక్షన్లు, గ్రాడ్యుయేషన్ షూట్లు చేసి డబ్బు వెనక్కి రాబట్టుకుంటాను" అని చాలామంది అంటున్నారు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట డబ్బుకు ఫోటోలు తీయకూడదు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటల వరకు చేసుకోవచ్చు. పేపర్ పని జీతమిచ్చే క్యాంపస్ ఉద్యోగమైతే అది ఆ లెక్కలోకి వస్తుంది. లెన్స్ కోసం వీసాను పణంగా పెట్టకండి.

కాబట్టి నేనైతే 35 సెకండ్‌హ్యాండ్‌లో కొని, 70-200ని పేపర్ లాకర్ నుంచి తీసుకుంటాను. మీకు పూర్తిగా స్పోర్ట్స్ డెస్కే ఇచ్చి, లాకర్‌లో ఆ లెన్స్ లేకపోతే తప్ప రెండో ఆలోచన వద్దు. కొనేముందు లాకర్‌లో ఏమున్నాయో ఫోటో ఎడిటర్‌ని అడగండి. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారం ఒక్క 70-200 కోసం నలుగురు కాచుకుని ఉంటారు. బుధవారమే వెళ్లి రిజిస్టర్‌లో మీ పేరు రాయించుకోండి.