బ్రోమో జీపు ప్యాకేజీ: సూర్యోదయానికి ఇచ్చే టైములో సగం బిలానికి ఇవ్వండి

ఇండోనేషియాలోని తూర్పు జావాలో బ్రోమో అగ్నిపర్వతం చూడాలంటే సురబయాలో అడిగినా, మలాంగ్‌లో అడిగినా అమ్మేది దాదాపు ఒకే ప్యాకేజీ. అర్ధరాత్రి దాటాక బయల్దేరడం, 2,770 మీటర్ల ఎత్తున్న పెనంజకన్ మీద సూర్యోదయం, ఆ తర్వాత జీపులో ఇసుక మైదానానికి దిగి, పొగ కక్కే నోటి (బిలం) దాకా బ్రోమో ఎక్కడం, ఎండెక్కేలోపు వెనక్కి. బండ్లకు వంక పెట్టలేం. ఆ పాత టయోటా ల్యాండ్ క్రూజర్లు మెత్తటి బూడిదలోనూ దిగబడకుండా లాగేస్తాయి, డ్రైవర్లకు ఆ దారులు కొట్టినపిండి. లోపమంతా టైము పంచిన తీరులోనే ఉంది. చీకట్లో కొండ మీద గంటల తరబడి నిలబెడతారు, అసలు అగ్నిపర్వతం దగ్గర మాత్రం తొందరపెడతారు.

సూర్యోదయం బాగుండదని కాదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు వానలు తక్కువ కాబట్టి, మబ్బు కింద ఉండిపోయిన రోజున మూడు కొండలూ ఒకే చూపులో కనిపిస్తాయి. ముందు చాళ్లు చాళ్లుగా, చక్కటి శంకువులా ఉండేది బాతోక్. ఫొటోల్లో చాలామంది దాన్నే బ్రోమో అనుకుంటారు. దాని పక్కన తల తెగినట్టుండి పొగ వదిలేది 2,329 మీటర్ల బ్రోమో. దూరంగా వెనక ఉన్నది జావాలోకెల్లా ఎత్తయిన సెమెరు, 3,676 మీటర్లు. అయితే శని, ఆదివారాల్లో జీపులు రోడ్డు పొడవునా ఆగిపోతాయి, చివరి దూరం నడవాల్సిందే. ముందురోజే వచ్చి చెమొరో లవాంగ్ ఊళ్లో బస చేస్తే ఈ తిప్పలుండవు. ఊరు పాత మహా అగ్నిపర్వతం కూలి ఏర్పడిన పల్లం అంచునే ఉంది. అక్కడి నుంచే తెల్లవారడం చూసి, ఇసుకలోకి దిగి నడిస్తే గంటలోపు బ్రోమో పాదానికి చేరతారు. పెనంజకన్ జీపులన్నీ ఒక్కసారిగా దిగే వేళ తప్పించుకుని ఎనిమిదిన్నర దాటాక ఎక్కితే మెట్ల మీద రద్దీ పల్చబడుతుంది.

జీపు ఆగే చోటి నుంచి మెట్ల దాకా గుర్రాలు దొరుకుతాయి. రానూపోనూ కలిపి రేటా, ఒకవైపుకేనా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. పైకి రమారమి 250 మెట్లు. బూడిద పేరుకుని కొన్ని మెట్లు కనిపించవు, దిగేటప్పుడు అక్కడే కాళ్లు జారతాయి. పైన బిలం అంచు సన్నం. మెట్లు ముగిసే చోట కొంత మేరకే రెయిలింగ్ ఉంది. అది దాటితే రెండువైపులా వదులు బూడిద వాలు, అటు వెళ్లొద్దు. అంచున ఓ చిన్న వినాయకుడి విగ్రహం, ముందు పూలు. లోపలి నుంచి కొలిమి తిత్తి ఊదినట్టు ఆగని హోరు. ఈ చోట కనీసం గంట ఉండేలా డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

గాలి మీవైపు తిరిగితే సల్ఫర్ డయాక్సైడ్ గొంతు పట్టేస్తుంది. మామూలు మాస్కు దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపదు. వెంటనే మెట్లు దిగడమే మందు. ఉబ్బసం ఉన్నవాళ్లు పైకి ఎక్కకపోవడమే మంచిది. కాంటాక్ట్ లెన్సుల బదులు కళ్లజోడు పెట్టుకోండి.

డబ్బు కట్టేముందు అడగాల్సింది హెచ్చరిక స్థాయి. ఇండోనేషియాలో నాలుగు స్థాయిలు. రెండో స్థాయిలో ఉన్నప్పుడు బిలానికి కిలోమీటరు లోపలికి వెళ్లొద్దంటారు, అంటే మెట్లు లేనట్టే. ఈ జాగ్రత్త ఉత్త లాంఛనం కాదు: 2004 జూన్‌లో పేలినప్పుడు ఇద్దరు చనిపోయారు. లోపలి నీరు కాగిన రాయిని తాకి ఒక్కసారిగా ఆవిరైతే వచ్చే పేలుడు ముందు చెప్పి రాదు. నేషనల్ పార్కు టికెట్ ఆన్‌లైన్‌లో విడిగా కొనాలి, విదేశీయులకు స్థానికుల కంటే చాలా ఎక్కువ. ప్యాకేజీలో అది కలిసి ఉందో లేదో అడగండి.

ఇసుకలో నల్లరాతి కోవెల, పుర లుహుర్ పోతెన్, దగ్గర ప్యాకేజీలు ఆగవు. ఆపించండి. బ్రోమో అంటే బ్రహ్మే, ఇక్కడి తెంగర్ జనం హిందువులు. పిల్లల్లేని రొరొ అంతెంగ్, జొకొ సెగెర్ దంపతులు కొండను వేడుకుంటే 25 మంది పుట్టారట, ఆఖరి బిడ్డను తిరిగి ఇవ్వాలన్న షరతుతో. ఇవ్వకపోతే కొండ రగిలి ఆ ఆఖరి బిడ్డ కెసుమను తీసుకుపోయింది. అందుకే ఏటా కసాడ నెల పద్నాలుగో రోజున కూరగాయలు, కోళ్లు, మేకలు బిలంలోకి విసురుతారు. లోపలి వాలు మీద వలలు పట్టుకుని నిలబడి వాటిని అందుకునేవాళ్లూ ఉంటారు. ఆ రోజుల్లో పర్యాటకులకు ఆంక్షలుంటాయి. న్యెపి రోజున, అంటే శక సంవత్సరాదికి, పార్కు మూసేస్తారు. ఒక్కో ఏడాది అది మన ఉగాది రోజునే వస్తుంది.

జూలై, ఆగస్టుల్లో తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. స్వెటర్, మంకీ క్యాప్, గ్లౌజులు తప్పనిసరి. అద్దె జాకెట్లూ దొరుకుతాయి. రంగు పొగల ఫ్లేర్లు మాత్రం తేవద్దు. 2023 సెప్టెంబరులో పెళ్లి ఫొటోల కోసం వెలిగించిన ఒక ఫ్లేర్‌తో గడ్డి మైదానం అంటుకుని వందల హెక్టార్లు కాలిపోయాయి. శాకాహారులు ఫ్రైడ్ రైస్ చెప్పేటప్పుడు ‘తన్పా దాగింగ్, తన్పా తెరాసి’ అనండి. మాంసం వద్దంటే సరిపోదు, సంబల్ అనే మిరప పచ్చడిలో రొయ్యల ముద్ద (తెరాసి) కలుపుతారు.