స్వరపేటిక ప్లాస్టిక్ మోడల్: కండరాలు బాగున్నాయి, నరాలు సగమే

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో లారింక్స్ (స్వరపేటిక) మోడల్ కొనాలనుకుంటుంటే ముందు ఇది చదవండి. నేను తెప్పించుకున్నది అసలు సైజుకు రెండింతలు ఉండి, నిలువుగా రెండు ముక్కలుగా విడదీసి చూసుకునే రకం. కండరాలు చాలా శ్రద్ధగా చేశారు. వెనక్కి తిప్పగానే పోస్టీరియర్ క్రికోఎరిటినాయిడ్ స్పష్టంగా కనిపిస్తుంది, స్వరతంత్రుల్ని విడదీసి గాలికి దారిచ్చే కండరం అదొక్కటే కాబట్టి వైవాకి (నోటి పరీక్షకి) ఇది చాలా ముఖ్యం.

నరాల్లో పై భాగానికి వంక పెట్టలేను. మెదడు నుంచి దిగే వేగస్ నరం నుంచి వచ్చే సుపీరియర్ లారింజియల్ నరం రెండుగా చీలి, లోపలి కొమ్మ థైరోహయాయిడ్ పొరను చీల్చుకుని వెళ్లడం, బయటి కొమ్మ కిందికి దిగి, స్వరతంత్రుల్ని బిగించే క్రికోథైరాయిడ్ కండరాన్ని చేరడం వేలితో తడిమి తెలుసుకోవచ్చు. నీళ్లు పొలమారితే వెంటనే దగ్గు వచ్చేది ఆ లోపలి కొమ్మ ఇచ్చే స్పర్శ వల్లే. బయటి కొమ్మ దెబ్బతింటే మామూలు మాటకు పెద్ద ఇబ్బంది లేకపోయినా పై స్థాయి అందదు, పాడేవాళ్లకు అది చాలా పెద్ద నష్టం.

నా కోపమంతా రికరెంట్ లారింజియల్ నరం దగ్గరే. మోడల్ శ్వాసనాళం పై రింగుల దగ్గరే ఆగిపోతుంది, నరం కూడా అక్కడే తెగ్గోసినట్టు మొదలవుతుంది. కుడివైపు నరం సబ్‌క్లేవియన్ ధమని కింద నుంచి, ఎడమవైపుది ఏకంగా ఛాతీలోకి దిగి బృహద్ధమని వంపు కింద నుంచి తిరిగి పైకి రావడమే కదా అసలు సంగతి! ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న మనిషికి గొంతు ఎందుకు బొంగురుపోతుందో ఆ దారి చూస్తేనే అర్థమవుతుంది. క్రికోథైరాయిడ్ తప్ప స్వరపేటిక లోపలి కండరాలన్నీ ఈ నరం మీదే ఆధారపడ్డాయి. థైరాయిడ్ ఆపరేషన్‌లో ఇది రెండు పక్కలా దెబ్బతింటే తంత్రులు మధ్యకు చేరి ఊపిరాడక ట్రకియాస్టమీ (గాలి కోసం మెడలో శ్వాసనాళానికి రంధ్రం చేయడం) దాకా వెళ్లొచ్చు. అంత ముఖ్యమైన నరాన్ని సగం చూపించి, అమ్మే వెబ్ పేజీలో మాత్రం ‘అన్ని నరాలతో సహా’ అని రాయడం తప్పు, అది మార్చాలి.

అయినా కొనొద్దని చెప్పను. రూమ్‌మేట్స్ కలిసి ఒకటి తీసుకోండి, రికరెంట్ నరం దారి మాత్రం డిసెక్షన్ హాల్లో మృతదేహం మెడ, ఛాతీ రెండూ తెరిచి ఉన్నప్పుడే పైనుంచి కిందికి వెతికి చూడండి. మోడల్‌ని స్పిరిట్‌తో తుడవకండి, నరాల మీది పసుపు రంగు ఊడిపోతోంది.