ఆపిల్ చిప్ మ్యాక్‌లో పాత ఫియర్ ఆట: క్రాస్ఓవర్ ఎంతవరకు పనికొస్తుంది?

మోనోలిత్ ప్రొడక్షన్స్ 2005లో విండోస్ కోసం తెచ్చిన ఫియర్‌ను ఎం-సిరీస్ (ఆపిల్ సొంత చిప్) మ్యాక్‌లో ఆడటానికి, విండోస్ ప్రోగ్రామ్‌లను మ్యాక్‌లో నడిపించే క్రాస్ఓవర్ అనే సాఫ్ట్‌వేర్ కొనొచ్చా అంటే, కొనొచ్చు. కాకపోతే అందులో కొత్తగా మెరిసే స్విచ్‌లు ఈ ఆటకు అక్కరకు రావు. అసలు పనంతా ఆట సెట్టింగుల్లోనూ, ఒకే ఒక్క డీఎల్ఎల్ ఫైల్ (విండోస్ ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైల్) దగ్గరా ఉంటుంది.

ఫియర్ పాత తరం 32-బిట్ ప్రోగ్రామ్, విండోస్ గ్రాఫిక్స్ వ్యవస్థ అయిన డైరెక్ట్3డీ 9 మీద నడుస్తుంది. 2019లో వచ్చిన కాటలినాతో మ్యాక్ ఓఎస్ 32-బిట్ యాప్‌లను పూర్తిగా వదిలేసింది. 2020 చివర్లో ఎం1 చిప్ వచ్చాక, మ్యాక్‌లో నేరుగా విండోస్ పెట్టుకోనిచ్చే బూట్ క్యాంప్ కూడా ఆపిల్ చిప్ మ్యాక్‌లలో లేకుండా పోయింది. క్రాస్ఓవర్ ఈ రెండు గోడలనూ దాటిస్తుంది, అదీ విండోస్ ఇన్‌స్టాల్ చేయకుండానే. ఆట విండోస్‌ను ఏది అడిగినా, క్రాస్ఓవర్ లోపల విండోస్ బదులు పనిచేసే వైన్ అనే సాఫ్ట్‌వేర్ జవాబిస్తుంది. ఇంటెల్ చిప్ కోసం రాసిన కోడ్‌ను రోసెట్టా 2 ఆపిల్ చిప్‌కు అర్థమయ్యేలా మారుస్తుంది. డైరెక్ట్3డీ 9 గ్రాఫిక్స్‌ను వైన్‌లోని వైన్‌డీ3డీ భాగం, మ్యాక్‌కు తెలిసిన గ్రాఫిక్స్ వ్యవస్థ ఓపెన్‌జీఎల్‌లోకి దింపుతుంది. మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ 4.1 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, అయినా ఇంత పాత ఆటకు అది చాలు.

బాటిల్ (క్రాస్ఓవర్‌లో ఆట, దాని ఫైళ్లు ఉండే విడి అర) సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అన్నచోట డీ3డీమెటల్ కనిపించగానే చాలామంది దాన్ని నొక్కేస్తారు. అది డైరెక్ట్3డీ 11, 12 ఆటల కోసం. ఫియర్‌కు దానివల్ల సెకనుకు చూపే బొమ్మల్లో ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు. ఆటో మీదే ఉంచండి.

ఏ కాపీ తీసుకోవాలన్నది ముందే తేల్చుకోవాలి. పాత డిస్క్ వెర్షన్లలో సెక్యూరోమ్ అనే కాపీ రక్షణ ఉంది, దానితో కుస్తీ పట్టడం దండగ. జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో దొరికే ఫియర్ ప్లాటినం తీసుకుంటే ఆ గొడవ ఉండదు, పైగా ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్, పెర్సియస్ మాండేట్ అనే అదనపు భాగాలు కూడా కలిసొస్తాయి. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ భాగాలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. సెటప్ ఫైల్ ఒకచోట, దాని పక్కన ఉండాల్సిన బిన్ ఫైళ్లు మరోచోట ఉంటే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతుంది.

క్రాస్ఓవర్‌ను మొదటిసారి తెరిచినప్పుడు మ్యాక్‌లో రోసెట్టా లేకపోతే అదే అడుగుతుంది, ఒప్పుకోండి. తర్వాత విండోస్ 10 64-బిట్ రకంలో ఫియర్ కోసమే ఒక కొత్త బాటిల్ చేసుకుని, జీఓజీ సెటప్‌ను అందులోకి ఇన్‌స్టాల్ చేయండి. ఉన్న బాటిల్‌లోనే అన్ని ఆటలూ కుక్కితే, ఒకదాని కోసం మార్చిన డీఎల్ఎల్ ఇంకోదాన్ని పడగొడుతుంది. ఆట మొదలుపెట్టగానే డీ3డీఎక్స్9 ఫైల్ కనబడలేదన్న సందేశం వస్తే, క్రాస్ఓవర్ ఇన్‌స్టాల్ జాబితాలోంచి డైరెక్ట్ఎక్స్ రన్‌టైమ్‌ను అదే బాటిల్‌లోకి ఎక్కించండి.

బాటిల్ సెట్టింగుల్లో హై రిజల్యూషన్ మోడ్ ఆఫ్‌లో ఉండాలి. ఫియర్‌లో ప్రాణం, తూటాల లెక్క చూపే అంకెలు స్క్రీన్‌తో పాటు పెరగవు. మ్యాక్ రెటీనా తెర పూర్తి పిక్సెల్స్‌లో అవి మూలన చీమల్లా కనిపిస్తాయి. మ్యాక్‌బుక్ తెరలకు 16:10 నిష్పత్తి నప్పుతుంది కాబట్టి 1440×900తో మొదలుపెట్టడం మేలు. ఆట మెనూలో ఆ సైజు కనబడకపోతే ఒకసారి ఆట తెరిచి మూసేయండి. తర్వాత బాటిల్ సీ డ్రైవ్‌లో పబ్లిక్ డాక్యుమెంట్స్ కింద మోనోలిత్ ప్రొడక్షన్స్, దాని లోపల ఫియర్ ఫోల్డర్ చూడండి. అక్కడున్న సెట్టింగ్స్ సీఎఫ్‌జీ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి స్క్రీన్‌విడ్త్, స్క్రీన్‌హైట్ విలువలు మార్చి సేవ్ చేస్తే సరి.

ఇక ఆ డీఎల్ఎల్ సంగతి. ఫియర్‌కు పుట్టుకతోనే ఒక జబ్బుంది: కీబోర్డ్, మౌస్ లాంటి పరికరాలను చదివే తీరులో లోపం వల్ల, కొన్ని యూఎస్‌బీ పరికరాలు తగిలించి ఉంటే ఆడేకొద్దీ ఫ్రేమ్ రేట్ దిగజారిపోతుంది. అసలు విండోస్‌లోనూ ఇదే తంతు, తప్పు మ్యాక్‌ది కాదు. ఎకోప్యాచ్ అనే ఉచిత మోడ్ (ఆటకు బయటివాళ్లు చేసిన చేర్పు) దీన్ని సరిచేస్తుంది, స్క్రీన్ మీది అంకెల సైజునూ పెంచుతుంది. దాని డీఇన్‌పుట్8 అనే డీఎల్ఎల్ ఫైల్‌ను ఆట ఫోల్డర్‌లో పెట్టినంత మాత్రాన ఏమీ జరగదు, ఎందుకంటే వైన్ తన సొంత డీఇన్‌పుట్8నే వాడుకుంటుంది. బాటిల్‌లో వైన్ కాన్ఫిగరేషన్ తెరిచి, లైబ్రరీస్ ట్యాబ్‌లో డీఇన్‌పుట్8 అని టైప్ చేసి యాడ్ నొక్కండి. నేటివ్ (ఆట ఫోల్డర్‌లోది) ముందు, బిల్టిన్ (వైన్ సొంతది) తర్వాత అన్న వరుస ఉందో లేదో చూసుకోండి. మోడ్ పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఈ మెట్టునే.

ఆట గ్రాఫిక్స్‌లో నీడల అంచులను మెత్తబరిచే సాఫ్ట్ షాడోస్ ఆపేయండి. అవి బరువైనవే కాక, గీతలను నునుపు చేసే యాంటీ అలియాసింగ్‌తో కలిసి పనిచేయవు కూడా. నీడల అంచులకన్నా గీతల నునుపే కంటికి ఎక్కువ తెలుస్తుంది కాబట్టి యాంటీ అలియాసింగ్ ఉంచుకోవడమే నయం. సౌండ్‌లో హార్డ్‌వేర్ మిక్సింగ్ ఆఫ్. వీ-సింక్ (ఆట వేగాన్ని తెర వేగంతో కలిపేది) ఆన్‌లో పెట్టి సెకనుకు 60 ఫ్రేముల దగ్గర కట్టేయండి. వేగం మరీ పెరిగితే ఈ ఇంజిన్‌లో పడిపోయిన శరీరాల కదలిక దెబ్బతింటుంది.

సరిగ్గా అమరిందో లేదో తేల్చేది, ఆటలో కాలాన్ని నెమ్మదింపజేసే స్లో-మో. కాలం నెమ్మదించినప్పుడు తూటా వెళ్లిన దారిలో గాలి వంకర తిరిగి, వెనకున్న గోడ అలలాగా కదలాలి. గోడకు తగిలిన చోట సున్నం పొడి లేచి గదంతా మసకబారాలి. గ్రాఫిక్స్ తర్జుమాలో తేడా ఉంటే ముందు బయటపడేది ఇక్కడే. క్రాస్ఓవర్ ఈ పరీక్ష నెగ్గుతుంది. కొత్త చోట అడుగుపెట్టిన మొదటిసారి, షేడర్లు (వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రామ్‌లు) తయారయ్యేటప్పుడు చిన్న కుదుపు మాత్రం తప్పదు.

కమాండ్-ట్యాబ్‌తో బయటికొచ్చి తిరిగెళ్తే తెర నల్లగా మిగిలిపోతోందా? వైన్ కాన్ఫిగరేషన్‌లో గ్రాఫిక్స్ ట్యాబ్‌కెళ్లి వర్చువల్ డెస్క్‌టాప్ టిక్ చేసి, ఆట రిజల్యూషనే అక్కడా ఇవ్వండి. త్వరగా సేవ్ చేసే కీ నొక్కితే సేవ్ కాకుండా మ్యాక్ ఇంకేదో పని చేస్తుంటే, మ్యాక్ కీబోర్డ్ షార్ట్‌కట్లలోని ఫంక్షన్ కీస్ విభాగంలో ఎఫ్ కీలను మామూలు కీలుగా మార్చుకోవాలి. గురి జారుతున్నట్టుంటే మౌస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో పాయింటర్ యాక్సిలరేషన్ ఆపండి. ట్రాక్‌ప్యాడ్‌తో ఈ ఆట ఆడలేరు, మౌస్ ఉండాల్సిందే.

వేరే దారులూ ఉన్నాయి. మ్యాక్ లోపలే విండోస్‌ను నడిపించే ప్యారలల్స్‌లో ఆర్మ్ (ఆపిల్ చిప్ రకం) విండోస్ 11 పెట్టుకోవచ్చు, కానీ ఒక్క పాత ఆట కోసం ఓ ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని మోయాలి. క్రాస్ఓవర్ లాంటిదే, ఉచితంగా దొరికే విస్కీ యాప్ అభివృద్ధి 2025లో ఆగిపోయింది. మీరు ఆడాలనుకుంటున్నది క్వేక్ 3 లేదా 1999 నాటి అన్‌రియల్ టోర్నమెంట్ అయితే క్రాస్ఓవర్ కొనకండి. మొదటిదానికి ఐఓక్వేక్3, రెండోదానికి ఓల్డ్‌అన్‌రియల్ 469 ప్యాచ్ నేరుగా మ్యాక్‌లోనే నడుస్తాయి. ఫియర్‌కు అలాంటి సదుపాయం లేదు.

క్రాస్ఓవర్ ట్రయల్ 14 రోజులు, ఏ ఫీచరూ తగ్గించకుండా ఇస్తారు. పైన చెప్పినవన్నీ సరిచూసుకుని, స్లో-మో పరీక్షా అయ్యాక డబ్బు కట్టినా ఆలస్యమేమీ కాదు. సేవ్ ఫైళ్లు బాటిల్ లోపలే ఉంటాయి, బాటిల్ డిలీట్ చేస్తే అవీ పోతాయి. ఆట కుదురుకున్న రోజే బాటిల్‌ను ఆర్కైవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి వేరే డ్రైవ్‌లో దాచుకోండి. మ్యాక్ మార్చినా ఆ ఒక్క ఫైల్ ఇంపోర్ట్ చేస్తే డీఎల్ఎల్ వరుసతో సహా అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.